మూడు కాళ్ళ బాతు

కిందటి వారం ఆర్మెల్ లావెర్న్‌ని మోంబ్రెల్ భవంతిలో భోజనశాల గడప మీద నిలబెట్టి ఆగాం. లిమోజ్ వీధుల్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచి, రిటైరై, పుట్టిన ఊరు వాల్సెరాన్‌కి తిరిగొచ్చిన ఆర్మెల్, ఈ వేసవంతా వదిన ఎలియాన్‌తో కలిసి తీరిగ్గా సంతలూ పాత ఇళ్ళూ చూస్తూ తిరుగుతోంది. మంగళవారం సంతలో మేకపాల జున్ను రుచి చూడటం, గురువారం పాత సామాన్ల బల్లల మధ్య పొద్దుపుచ్చటం, ఎండెక్కాక ఏదో ఒక దొరలింట్లో మంచాలూ తివాచీలూ చూసి రావటం. అలాంటి ఒక గురువారం, అంచులు విరిగిన పింగాణీ పళ్ళేల పక్కన ఒక అట్టపెట్టెలో, ఆమెకు పోస్టుకార్డు ఒకటి దొరికింది. 'మోంబ్రెల్ భవంతి, పక్షుల గది' అని ఉంది దాని మీద. ఆ పక్షులను వేసింది ఆమె తండ్రి. వెండి దొంగ అని ఊరంతా వేలెత్తి చూపిన ఫిర్మాన్ లావెర్న్. ఎలియాన్ ఎంత వద్దన్నా వినకుండా ఆర్మెల్ మర్నాడే మోంబ్రెల్‌కు బయల్దేరింది.

ఆమె గడప దాటింది.

యాభై అయిదేళ్ళయినా గది మారలేదు. నేల నుంచి కప్పు దాకా నాలుగు గోడల మీదా రెల్లు దుబ్బులు, వాటి సందుల్లో పక్షులు. ఒంటికాలి మీద బూడిదరంగు కొంగ, నీళ్ళలోకి దూకబోతున్న లకుముకి పిట్ట, కుచ్చు విప్పుకున్న కూకుడుగువ్వ. ఆర్మెల్ కాసేపు కూర్చుని చూద్దామనుకుంది. చెక్క కుర్చీ ఒకటి దగ్గర్లోనే ఉంది గాని దాని మీద కూర్చోవద్దని తాడు కట్టి ఉంది.

వచ్చిన పన్నెండు మందినీ గది మధ్యకు పోగుచేసి, గైడు మొస్యూ బెర్త్‌లో గొంతు సవరించుకున్నాడు. యాభై దాటిన సన్నటి మనిషి. చేతిలో కాగితం ఉంది, కానీ చూడాల్సిన అవసరం లేదు, అంతా కంఠతా వచ్చు.

"మొత్తం నలభై ఒక్క పక్షులండీ. ఇవన్నీ పెద్ద దొరగారి అమ్మాయి మద్మొజెల్ ఒరోర్ స్వయంగా వేశారు. ఊపిరితిత్తుల జబ్బు, పాపం. నది ఒడ్డుకి వెళ్ళలేని మనిషి, అందుకని నదినే ఇంట్లోకి తెచ్చుకున్నారు. ఇది పూర్తయిన మూడేళ్ళకి పోయారు."

గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ చిన్నగా నిట్టూర్చింది. "ఎంత వయసుంటుందో పాపం."

"అబద్ధం," అంది ఆర్మెల్.

గట్టిగా అనలేదు. పోస్టాఫీసు కిటికీ దగ్గర, ఈ కవరు మీద చిరునామా తప్పండీ అని చెప్పే గొంతుతోనే అంది. అందరూ వెనక్కి తిరిగారు.

"ప్రశ్నలు చివర్లో తీసుకుంటానండీ," అన్నాడు బెర్త్‌లో నవ్వుతూ.

"ప్రశ్న కాదు. అబద్ధం అంటున్నాను. ఈ పక్షుల్ని వేసింది ఫిర్మాన్ లావెర్న్. వాల్సెరాన్‌లో కిటికీ తలుపులకి రంగులేసుకుని బతికినాయన. మా నాన్న."

ఎలియాన్ ఆమె చొక్కా చెయ్యి పట్టి లాగింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, పొద్దున కారెక్కినప్పటి నుంచీ పెదవి విప్పలేదు. "పద ఆర్మెల్. బయటికెళ్ళి మాట్లాడుకుందాం."

"బయటెందుకు వదినా? గోడ లోపలుంది."

మెడలో కెమెరా వేసుకున్న బట్టతలాయన పక్కవాళ్ళకేసి చూసి కన్ను గీటాడు. "మా తాతయ్య కూడా ఐఫెల్ టవర్ కట్టాడమ్మా. చెప్తే ఒక్కడూ నమ్మడు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆర్మెల్ ఆయన వైపు నడిచి, ఆయన ఒకడుగు వెనక్కి వేసేంత దగ్గరగా నిలబడింది.

"మీ తాతయ్య కడుతుంటే మీరు పక్కనుండి మేకులందించారా? నేనున్నాను ఇక్కడ. మూడు నెలలు. ఎనిమిదేళ్ళ పిల్లని. వెన్న తీసిన పాలల్లో సున్నం కలిపి, అందులో రంగు నూరేవాడు మా నాన్న. ఆ పాలు రోజూ పొద్దున్నే క్యానుతో మోసుకొచ్చింది నేను. ఆ లకుముకి పిట్టని చూడండి. దాని వీపు దగ్గరికొచ్చేసరికి నీలం అయిపోయింది. మా అమ్మ బట్టలకి వాడే నీలిమందు కలిపాడు. అందుకే ఆ వీపు మిగతా నీలాల కంటే పాలిపోయి ఉంటుంది. చూడండి, చూస్తే తప్పేం లేదుగా."

పన్నెండు తలలూ లకుముకి పిట్ట వైపు తిరిగాయి. దాని రెక్కలు ఒక నీలం, వీపు మరో నీలం.

"ప్రతి పక్షీ కిటికీ వైపే చూస్తోంది కదా. నది అటుంది. అటు చూడని పక్షి ఉండదు అనేవాడు. మీ కాగితంలో రాశారా ఇది?"

బెర్త్‌లో మొహంలో నవ్వు ఇంకా ఉంది గాని, దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియక ఉన్నట్టుంది. "వివరాలు ఎవరైనా చెప్పొచ్చు మదాం. నేను కాదనను. కానీ ఆధారమంటూ ఏదైనా..."

"మీ వెనకే ఉంది. ఆ తలుపు మూయండి."

భోజనశాల తలుపు బాగా తెరిచి, గోడకు ఆనించి, కింద ఇనుప కొక్కెం పెట్టి ఉంది.

"అది మూయమండీ. దాని వెనక గోడ పాడైపోయింది."

ఆర్మెల్ ఆయన్ని దాటుకుని వెళ్ళి, వంగి కొక్కెం తీసి, తలుపు లాగింది. బరువైన తలుపు, మూలుగుతూ కదిలింది. వెనక రెల్లు దుబ్బు ఉంది. ఆ దుబ్బు మొదట్లో, చేతిరుమాలు పరిచినంత మేర, తెల్లగా సున్నం కొట్టి ఉంది. చుట్టూ రంగు పాతది, మెత్తగా వెలిసింది. ఈ తెలుపు మాత్రం కొత్తది.

ఆమె కాసేపు ఆ తెల్లటి మచ్చనే చూసింది. గోడ పాడవలేదు. ఎవరో పనిగట్టుకుని, కొలిచినట్టు, సరిగ్గా అంతమేరకే పూశారు. కింద ఏముందో తెలిసినవాళ్ళే అలా పూయగలరు. అప్పటిదాకా ఆమెలో ఉన్నది బాధ. ఇప్పుడు అది కాస్తా మండటం మొదలుపెట్టింది.

చేతిసంచిలోంచి ఇంటి తాళంచెవి తీసి ఆ తెలుపు మీద గీకింది.

"మదాం, చేతులు తియ్యండి," అని బెర్త్‌లో ముందుకొచ్చాడు. "ఇది చారిత్రక కట్టడం."

"చరిత్ర అడుగునుందండీ. పైనున్నది నిన్నమొన్నటి సున్నం."

సున్నం పెళ్ళలుగా రాలింది. మొదట ఒక నారింజరంగు కాలు బయటపడింది. పిల్లల చేతి గీత, వంకరగా. తర్వాత రెండోది. ఆమె ఆగలేదు. ఇంకో నాలుగు గీట్లకు మూడో కాలు కనిపించింది.

"మూడు కాళ్ళు," అంది గడ్డి టోపీ ఆవిడ, తనలో తను అనుకున్నట్టు.

"మూడోది తప్పుగా వేసేసి ఏడిచాను," అంది ఆర్మెల్, చెయ్యి ఆపకుండానే. "చెరిపెయ్యి నాన్నా అన్నాను. చెరపలేదు. దీనికి గట్టిగా నిలబడాలని ఉందేమో, ఉండనీ అన్నాడు. మీ మద్మొజెల్ ఒరోర్‌కి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఇరవై రెండేళ్ళ ఆవిడ బాతుకి మూడు కాళ్ళు వేస్తుందా?"

కెమెరా ఆయన మెడలోంచి కెమెరా తీసి సంచిలో పెట్టేసుకున్నాడు.

"బెర్త్‌లో, నా గోడ గీకుతున్నదెవరు?"

ఆ గొంతు తోటవైపు తలుపులోంచి వచ్చింది. మదాం సిబిల్ ద మోంబ్రెల్, ఈ భవంతి యజమానురాలు, ఎనభై ఒక్క ఏళ్ళ ఆవిడ, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గులాబీ కొమ్మలు కత్తిరించే కత్తెరతో నిలబడి ఉంది. బూట్లకు మట్టి. పెద్ద దొర కోడలు. భర్త పోయి ఇరవై ఏళ్ళు.

ఆవిడ బాతు కాళ్ళు చూసింది. తర్వాత ఆర్మెల్‌ని చూసింది. చాలాసేపు చూడాల్సిన పని లేకపోయింది.

"ఫిర్మాన్ కూతురివి కదూ. ఆ గడ్డం చూస్తే తెలుస్తోంది."

"దీని మీద సున్నం కొట్టించింది మీరేనా?"

"నేనే. ఆరేళ్ళయింది. జనానికి చూపించటం మొదలుపెట్టే ముందు." కర్రను రెండో చేతికి మార్చుకుంది. "మూడు కాళ్ళ బాతుని ఒరోర్ వేసిందంటే ఎవరు నమ్ముతారు?"

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆర్మెల్ అనుకోలేదు. కాదంటుంది, అరుస్తుంది, పోలీసుల్ని పిలుస్తానంటుంది అనుకుంది. వాటన్నిటికీ సిద్ధపడి వచ్చింది. ఆవిడ మాత్రం గులాబీ కొమ్మ గురించి చెప్పినట్టు చెప్పింది.

"బెర్త్‌లో, వీళ్ళని తోటలోకి తీసుకెళ్ళు."

"వాళ్ళుంటారు," అంది ఆర్మెల్. "అబద్ధం విన్న చెవులే నిజం కూడా వింటాయి. ఉండండి, మీరెవరూ కదలొద్దు."

నిజానికి కదిలే ఉద్దేశం ఎవరికీ లేదు.

"మా నాన్న చివరి రంగు ఆరకముందే మీ మామగారు ఆయన్ని గేటు బయటికి తోయించారు. పన్నెండు వెండి చెంచాలు, ఒక వెండి గరిటె పోయాయన్నారు. మా ఇల్లు సోదా చేయించారు. మా అమ్మ పరుపు కోసి దూది బయటికి లాగారు. ఏమీ దొరకలేదు. అయినా..."

"ఆ గరిటె ముందు గదిలో అద్దాల బీరువాలో ఉంది," అంది మదాం సిబిల్. "గుల్ల ఆకారంలో ఉంటుంది. ఇప్పుడే చూసొచ్చి ఉంటావు."

చూసింది. పది నిమిషాల కిందట, అద్దం దగ్గరగా వంగి మరీ చూసింది. పనితనం బాగుందని కూడా అనుకుంది.

"ఎప్పుడు దొరికింది?" ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

"మీ నాన్నని పంపించిన ఏడాది తిరక్కుండానే. ఈస్టర్‌కి పెద్ద బల్లగుడ్డలు తీశాం. బట్టల పెట్టెలో, వాటి మడతల్లోనే ఉన్నాయి, చెంచాలూ గరిటే అన్నీ. ఎవరో విందు తర్వాత గుడ్డతో సహా చుట్టేసి పడేశారు. ఎవరూ దొంగిలించలేదు."

"దొరికాయని ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు."

ఆర్మెల్ చేతిలోని తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంది. ఆమె పట్టు వదల్లేదు.

"నాకు బడిలో పేరేంటో తెలుసా మీకు? గరిటె. అదుగో గరిటె వస్తోంది, జేబులు జాగ్రత్త అనేవాళ్ళు. టీచరుగారు నవ్వాపుకోవటానికి బోర్డు వైపు తిరిగేవారు. మా నాన్నకి ఈ చుట్టుపక్కల ఒక్క ఇంట్లో పని దొరకలేదు. సైకిలు మీద ఇరవై కిలోమీటర్లు పోయి పశువుల కొట్టాల తలుపులకి తారు పూసేవాడు. ఇంత పని తెలిసిన చెయ్యి అది." గోడ మీద కొంగను చూపించింది. "పదేళ్ళు. పదేళ్ళు తారు పూసి, దగ్గి దగ్గి పోయాడు. ఆ పదేళ్ళూ ఆ గరిటె మీ ఇంట్లో ఉంది. దాంతో సూపు వడ్డించుకున్నారు మీరు."

"మామగారు వద్దన్నారు. ఒక రంగులవాడి ఇంటికెళ్ళి తప్పయిందని చెప్పటం ఆయన వల్ల కాలేదు. ఆ తర్వాత ఒరోర్ పోయింది. ఆ పిల్లకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. లోకంలో ఆమె పేరు మీద ఏదో ఒకటి మిగలాలన్నారాయన. ఈ గదిలో కూర్చుని మీ నాన్న పని చూస్తూ ఉండేది. ఆమెకి ఈ గదంటే ప్రాణం."

"చచ్చిపోయిన కూతురికి మిగల్చటానికి బతికున్న మనిషిని దోచుకున్నారు."

"అలా కూడా అనొచ్చు."

ఇక అక్కడ ఆర్మెల్‌కు మర్యాద తెగిపోయింది. అరవై మూడేళ్ళ జీవితంలో ఆమె పెద్దిళ్ళ ఆడవాళ్ళను మీరు అని తప్ప పిలవలేదు. లిమోజ్‌లో తన మీదికి కుక్కను వదిలిన ఆవిడను కూడా మీరనే అంది.

"నీకప్పుడు ఇరవై ఏడేళ్ళు," అంది. "నోరుంది. కాళ్ళున్నాయి. ఈ గేటు నుంచి మా ఇల్లు కారులో పావుగంట. మీ మామ రానివ్వలేదు, సరే. మీ మామ పోయాక? మీ ఆయన పోయాక? ఇరవై ఏళ్ళుగా ఈ ఇల్లు నీది. నువ్వెందుకు రాలేదు?"

నువ్వు అన్న మాటకు బెర్త్‌లో చేతిలోని కాగితం జారి కింద పడింది. మదాం సిబిల్ మాత్రం చలించలేదు. అయితే మొదటిసారి ఆవిడ చూపు ఆర్మెల్ మీంచి పక్కకు జరిగింది.

"ఆ పెట్టె తెరిచింది నేను కాదు," అంది. "తెరిచిన మనిషి నీ పక్కనే ఉంది. ముందు ఆమెనడుగు, ఎందుకు రాలేదో."

ఆర్మెల్ తిరిగి చూసింది. ఆమె పక్కన ఎలియాన్ తప్ప ఎవరూ లేరు.

*

పొడవాటి పోప్లర్ చెట్ల మధ్య గేటు దాకా వెళ్ళే దారిలో వాళ్ళిద్దరే నడిచారు. చిన్న తెల్ల కారు చెట్టు కింద ఆగి ఉంది. వెనక సీటులో, దారిలో ఆగి కొన్న చెర్రీపళ్ళ బుట్ట ఎండలో ఉడుకుతోంది.

"పదిహేడేళ్ళు నాకు," అంది ఎలియాన్. "ఆ ఇంట్లో బట్టలుతికేదాన్ని. నోరు విప్పితే రేపట్నుంచి రావద్దన్నారు. ఇంట్లో నా జీతం మీద అయిదుగురు బతకాలి."

"సరే. పదిహేడేళ్ళకి భయపడ్డావు. తర్వాత?"

"తర్వాత మీ అన్న..."

"అవును. మా అన్న. మా అన్నని చేసుకున్నావు. ఆదివారం ఆదివారం మా నాన్న ఎదురుగా కూర్చుని తిన్నావు. బాతు వండితే మంచి ముక్క తీసి నీ పళ్ళెంలో వేసేవాడు."

"వేసేవారు."

"ఎలా మింగుడుపడింది వదినా?"

ఎలియాన్ ఆగిపోయింది. "పడలేదే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకునేదాన్ని. చెప్పని ప్రతి రోజూ ముందు రోజు కంటే బరువైపోయింది."

"నాకు కవిత్వం చెప్పకు. ఈ వేసవంతా నీ పక్కన సంతలన్నీ తిరిగాను. ఎవడి తాత గడియారమో, ఎవరి ముత్తవ్వ లేసు గుడ్డో చూసి వాటి వెనక కథలు చెప్పావు నాకు. రాగి గిన్నె తిరగేసి ఏ ఊళ్ళో చేసిందో చెప్పగలవు నువ్వు. మా నాన్న దొంగ కాదన్న ఒక్క ముక్క చెప్పలేకపోయావు. ఈ పక్షుల గదిని ఆరేళ్ళుగా జనం క్యూ కట్టి చూస్తున్నారు. ఊళ్ళోనే ఉన్నావు. ఉత్తరం రాయొచ్చు. ఉత్తరాలు పంచేదానికి ఒక్క ఉత్తరం రాయలేకపోయావు."

"కొట్టు ఆర్మెల్. కొట్టాలనిపిస్తే కొట్టు."

"కొడితే నీకు తేలికవుతుంది. నేనెందుకు తేలిక చెయ్యాలి?"

ఎలియాన్ చెట్టు మానుకు ఒక చెయ్యి ఆనించింది.

"చెప్పాను," అంది.

"ఏంటి?"

"మామగారికి, మీ నాన్నకి, చెప్పాను. ఆఖరి ఏడాది. ఫిబ్రవరిలో అట్ల పండగనాడు. మీ అన్న చలిమంటకి కట్టెలు తేవటానికెళ్ళాడు, మీ అమ్మ నిద్రపోతోంది. ఆయన పొయ్యి దగ్గర నిలబడి అట్లు పోస్తున్నారు. అప్పుడు చెప్పేశాను. పెట్టె, చెంచాలు, గరిటె, నన్ను నోరు మూసుకోమన్నది, అంతా."

ఆర్మెల్ కోపం ఒక్క క్షణం ఎటు వెళ్ళాలో తెలియక నిలిచిపోయింది. "ఏమన్నాడు?"

"అట్టు మాడకుండా తిరగేశారు. నా పళ్ళెంలో వేసి, తినమ్మా చల్లారిపోతుంది అన్నారు. అంతే."

"అంతేనా?"

"మర్నాడు పొద్దున్నే ఇక్కడికొచ్చారు. పెద్ద దొర మంచం మీదున్నాడప్పటికి. క్షమించమని అడిగాడట. మామగారు వద్దన్నారట. క్షమాపణ అక్కర్లేదు, నాకొక గోడ ఇవ్వండి అన్నారట."

"గోడేంటి?"

"పై అంతస్తులో ఆఖరి గది. నాలుగు రోజులు పొద్దున పూట వెళ్ళొచ్చారు. ఏం వేశారని అడిగితే చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు, మీ అన్నకి కూడా. మూడు నెలలకి పోయారు. ఆ గది అప్పట్నుంచీ ఎవరికీ చూపించరు."

పైన పోప్లర్ ఆకులు గలగలమన్నాయి. ఆర్మెల్ భవంతి వైపు చూసింది. పై అంతస్తులో చివరి కిటికీకి మాత్రం చెక్క రెక్కలు మూసి ఉన్నాయి.

"నువ్వు కారెక్కి ఇంటికెళ్ళు," అంది. "నీ పక్కన కూర్చుని నేను రాలేను. ఈ రోజే కాదు. ఇంకెన్నాళ్ళో నాకే తెలీదు."

"పన్నెండు కిలోమీటర్లు ఎలా వస్తావ్?"

"మా నాన్న ఇరవై తొక్కాడు."

ఆమె వెనుదిరిగి నడిచింది. కారు స్టార్టయిన చప్పుడు చాలాసేపటి దాకా వినిపించలేదు.

భవంతి ముందు మెట్ల దగ్గర బెర్త్‌లో ఎదురొచ్చాడు. పన్నెండు కావస్తోంది, రెండున్నర దాకా భవంతి మూసేస్తారు. సందర్శకులందరూ వెళ్ళిపోయారు. ఆమెను చూసి ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆరేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు చెప్పాను మదాం ఆ మాట. కాగితంలో ఉన్నది చెప్పాను. నిజమా కాదా అని ఎవర్నీ అడగలేదు."

"అడగాల్సింది."

"అవును." ఆయన తాళాల గుత్తి తీసి, అందులోంచి ఒక పొడుగాటి ఇనుప తాళంచెవిని విడదీశాడు. "పై అంతస్తు. ఆఖరి తలుపు. ఊడవటానికి కూడా నన్ను రానివ్వరు. ఇది నా గుత్తిలో ఎందుకుందో తెలీదు, ఎప్పుడూ వాడలేదు. మదాం ఇప్పుడు భోజనానికి కూర్చుంటారు. ఆవిడ భోంచేసే గంటలో ఇంట్లో ఎవరం తిరగం."

ఆర్మెల్ థాంక్సు చెప్పలేదు. తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్ళింది.

మెట్లు అరిగి మధ్యలో పల్లంగా ఉన్నాయి. పైన నడవంతా పాత మైనం వాసన. అడుగడుగుకూ ఆమెలో కోపం తగ్గాల్సింది పోయి గట్టిపడుతూ వచ్చింది. నాలుగు పొద్దులు. ఆయన ఈ మెట్లే ఎక్కాడు. ఆయన ఇంటి పరుపు కోసి వెతికిన వాళ్ళ ఇంట్లో, తలొంచుకుని, పాలడబ్బా మోసుకుని. ఆ పాలు ఎవరు తెచ్చిపెట్టి ఉంటారు? తను అప్పటికి బడి చదువు ముగించి, గరిటె అన్న పేరు తెలియని ఊరు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆఖరి తలుపు వచ్చింది. తాళంచెవి పెట్టబోయింది. తలుపు వేసి లేదు. చెయ్యి తగలగానే తెరుచుకుంది.

మూసిన కిటికీ రెక్కల సందుల్లోంచి పడుతున్న సన్నటి వెలుగులో ఒక చిన్న బల్ల, దాని మీద సూపు పళ్ళెం, రొట్టె ముక్క. మదాం సిబిల్ తలుపుకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు.

"తలుపు మూసి రా," అంది. "వెలుతురు పడితే పాలరంగు వెలిసిపోతుంది."

"రోజూ ఇక్కడే తింటావా?"

"మా ఆయన పోయినప్పట్నుంచీ."

ఆర్మెల్ తలుపు మూయలేదు. ఆవిడను దాటి ముందుకొచ్చి గోడను చూసింది.

గోడ పొడవునా ఒక భోజనాల బల్ల, మనుషులు ఉన్నంత ఎత్తులోనే. దాని వెనక వరసగా కూర్చున్న జనం. పెద్ద దొర, ఆయన కొడుకు, పడుచు సిబిల్. తర్వాత ఆయన్ని వేలెత్తి చూపిన ఊరి మేయరు, డాక్టరు, చర్చి ఫాదరు, బోర్డు వైపు తిరిగి నవ్విన టీచరు. బల్ల మధ్యలో ఆ గరిటె, చుట్టూ పన్నెండు చెంచాలు. అందరి ముందూ పళ్ళేలు ఖాళీగా ఉన్నాయి. అందరూ తమ పళ్ళెంలోకే చూస్తున్నారు. ఒక్కరి మొహంలోనూ కక్షతో లాగిన గీత లేదు. ముక్కు ముక్కులాగే, కన్ను కన్నులాగే, ఉన్నవాళ్ళను ఉన్నట్టు వేశాడు. దానివల్లే చూడటం కష్టంగా ఉంది. వాళ్ళ వెనక, చేతుల మీద మడతపెట్టిన బల్లగుడ్డతో నిలబడ్డ పదిహేడేళ్ళ పిల్ల ఒక్కతే తలెత్తి సూటిగా చూస్తోంది. ఎలియాన్.

బల్ల ఈ చివర ఇంకొకరున్నారు. నీలం గౌను వేసుకున్న ఆడమనిషి. భుజాలున్నాయి, ఒళ్ళో చేతులున్నాయి. ముఖం మాత్రం లేదు. అక్కడ పదునైన చాకుతో ఎవరో లోపలి గచ్చు బయటపడేదాకా గీకేశారు.

"ఇది కూడా నువ్వే చేశావా?" ఆర్మెల్ ఆవిడ వైపు తిరిగింది. "బాతు సరిపోలేదా నీకు?"

"బాతు నేనే. ఇది కాదు." మదాం సిబిల్ చెంచా కింద పెట్టింది. "నాలుగో రోజు పొద్దున వచ్చి మీ నాన్నే గీకేశాడు. తలుపు దగ్గర నిలబడి చూశాను నేను. అయిదు నిమిషాలు పట్టింది. తర్వాత చాకు తుడుచుకుని, డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయాడు."

"ఎవరిది ఈ ముఖం?"

"నన్నెందుకడుగుతావు? గౌను చూడు."

ఆర్మెల్ గోడకు దగ్గరగా వెళ్ళింది. మెడ నుంచి నడుము దాకా ఆ నీలం గౌనుకు గుండీలు ఉన్నాయి. ఒక్కొక్కటీ శ్రద్ధగా, మెరుపుతో సహా వేసినవి. అన్నీ తెల్లవి. పైనుంచి మూడోది మాత్రం గోధుమరంగుది, సైజు కూడా తేడా, ఊడిపోతే ఇంట్లో దొరికింది కుట్టినట్టుంది.

అలాంటి గుండీ ఉన్న గౌను వాల్సెరాన్‌లో ఒక్కటే ఉండేది. ఆదివారాలు దాన్ని పట్టుకునే ఆర్మెల్ తన తల్లి పక్కన చర్చికి నడిచేది.